ఎవరి వాటా వారికి

ఆ వానాకాలం మా అత్తయ్య మోకాలి ఆపరేషన్ చేయించుకుని మా ఇంటికి వచ్చారు. ఆవిడ ఉండేది మూడో అంతస్తులో, లిఫ్టు లేని చోట. మాది కింది వాటా. "కాలు వంగేదాకానే ఉంటాను. ఆ తర్వాత నా గూటికి నేను పోతాను" అని చేతికర్ర గోడకు ఆనించకముందే చెప్పేశారు.

కాలు వంగడమే అసలు సంగతి. "ఆపరేషన్ అయిపోయిందని సంబరపడకండి. సగం పని నాది, చేసేశాను. మిగతా సగం ఆవిడది" అన్నాడు డాక్టరు. రోజూ వంచాలి, ప్రాణం మీదికొచ్చినా వంచాలి. ఈ కొద్ది వారాల్లో వంగనిది ఇక ఎప్పటికీ వంగదు.

అత్తయ్య బడిలో డ్రిల్ టీచరుగా చేసి రిటైరయిన మనిషి. ఆవిడ విజిల్ ఊదితే మైదానం మొత్తం బిగుసుకుపోయేదట. అలాంటి మనిషి మంచాన పడితే మంచం మీంచే పాలన మొదలైంది. కిటికీ తెర సగం తియ్యండి, పూర్తిగా కాదు. ఆ ఫ్యాను ఎందుకలా మూలుగుతోంది? వీధిలో పోయే ఆ మనిషికి గొడుగు పట్టుకోవడం కూడా రాదు. మా ఆయన ఆఫీసుకు బయల్దేరుతుంటే వెనకనుంచి కేక: "నడుం నిలబెట్టి నడవరా, కొక్కెంలా ఏమిటా నడక!" నన్ను మాత్రం ఏమీ అనేవారు కాదు. "తిన్నారా అత్తయ్యా?" "తిన్నానమ్మాయ్." మా ఇద్దరి మధ్య మాటలు అక్కడితో సరి. మిగతావన్నీ మా ఆయన అటూ ఇటూ మోసేవాడు. పెళ్లయిన నాటినుంచీ అంతే. దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు.

కాలు వంచమంటే మాత్రం ఆవిడ వినేవారు కాదు. "పొద్దున వంచానుగా" అనేవారు. వంచేవారు కాదు. జన్మంతా ఇతరుల చేత గుంజీలు తీయించిన మనిషి, తన చేత ఇంకొకరు తీయిస్తే ఊరుకుంటుందా?

ఇక్కడ నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు చెప్పాలి. నేను పనిచేసే కంపెనీ ఒక ఆన్‌లైన్ ఆట తయారు చేస్తుంది. ఎక్కడెక్కడి మనుషులో ఒకే అడవిలోకి దిగుతారు, జట్లు కడతారు, మృగాలను వేటాడతారు. మృగం చచ్చినప్పుడు దాని దగ్గర వస్తువులు రాలతాయి. కత్తులు, డాళ్లు, ఉంగరాలు, కవచాలు. ఆడేవాళ్లు దాన్ని లూట్ అంటారు. ఏ మృగం దగ్గర ఏది రాలాలి, ఎంత అరుదుగా రాలాలి అన్నది తేల్చడం నా పని. ప్రతిసారీ ఇస్తే మొహం మొత్తుతుంది. అసలు ఇవ్వకపోతే ఒళ్లు మండుతుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడో మనిషి "ఇంకొక్కసారి చూద్దాం" అంటాడు. ఆ చోటు వెతకడానికే నాకు జీతం. ఇంటికొచ్చాక నేను ఆ ఆట మొహం చూసేదాన్ని కాదు.

అత్తయ్యకు దాన్ని అంటగట్టింది మా ఆయనే. పాలన భరించలేక ఒకరోజు పాత కంప్యూటరు తెచ్చి ఆవిడ ముందు బల్ల మీద పెట్టాడు.

"ఇదేంటిరా?"

"కూర్చున్నచోటే పరిగెత్తే పని."

కాసేపటికి గదిలోంచి అరుపు. "ఎవడ్రా వీడు? గొడ్డలి పట్టుకుని నా వెనకాలే తిరుగుతున్నాడు!"

"వాడూ మనిషేనమ్మా. వాడింట్లో కూర్చుని ఆడుకుంటున్నాడు."

"అలాగా. అయితే వరసలో నిలబడమను."

నిలబెట్టారు కూడా. నెల తిరక్కుండానే ఆవిడకో జట్టు తయారైంది. ఆటలో ఆవిడ పేరు కెప్టెన్. ముందు నిలబడి మృగం దెబ్బలు కాచుకునేవాడి పేరు పువ్వు, గొంతు మాత్రం లారీ హారన్. నిజంగానే లారీ నడుపుతాడట. దెబ్బలు తగిలినవాళ్లకు మందు పోసే ఆమె పేరు గంట. ఎక్కడో బ్యూటీ పార్లరు నడుపుతుంది, క్షణం నోరు మూయదు. నాలుగోవాడు నత్త. డెంటల్ ల్యాబులో పళ్ల సెట్లు చేస్తాడు. బాణాలు వేయడం అతని పని, గురి చూసి చూసి వదిలేసరికి మృగం జాగా మారేది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నలుగురూ చేరేవారు. నేను వంటింట్లో ఉంటే కంప్యూటరు స్పీకర్లోంచి అన్నీ వినబడేవి. వేట కాసేపే. తర్వాత పంపకమే అసలు ఆట. అప్పట్లో మా ఆటలో మృగం చస్తే రాలేది ఒకటో రెండో వస్తువులు. ఎవరికివ్వాలో జట్టు నాయకుడి ఇష్టం.

"ఈ డాలు పువ్వుకి" అనేవారు అత్తయ్య.

"మళ్లీ పువ్వుకేనా?" నత్త గొంతు సన్నగా లేచేది.

"వాడు ముందుండి తన్నులు తింటున్నాడు."

"నిన్న ఉంగరం కూడా ఆయనకే ఇచ్చారు. ఉంగరం అడ్డం పెట్టుకుంటే తన్నులు ఆగుతాయా కెప్టెన్?"

"నీకెందుకయ్యా డాలు? నువ్వు వచ్చేసరికి మృగం చచ్చి చల్లారిపోతుంది."

"మరి నా సంగతేంటి?" అని గంట మధ్యలో దూరేది. "నేను మందు పొయ్యకపోతే మీ పువ్వు ఏనాడో వాడిపోయేది."

పువ్వు పక్కవాటా గోడలు అదిరేలా నవ్వేవాడు. అత్తయ్య పక్షపాతం దాచుకునే మనిషి కాదు. పువ్వు అంటే ఇష్టం. నత్తను చూస్తే చిరాకు. ఆ చిరాకులో ఏదో ఆనందం కూడా ఉండేది.

కాలి సంగతి గంటకు ఎలా తెలిసిందో తెలియదు. ఒకరోజు వేటకు ముందే నిలదీసింది. "కెప్టెన్, ఇవాళ కాలు వంచారా?"

"వంచాను."

"అబద్ధం. వంచితే ఆ గొంతు ఇలా ఉండదు. మా అమ్మకీ ఇదే ఆపరేషన్ అయింది, నాకు తెలుసు. మేం లెక్కపెడతాం, మీరు వంచండి. వంచందే నేను మందు సంచీ ముట్టుకోను."

ఆ రోజునుంచి అదో తంతు. ముగ్గురూ వంతులవారీగా లెక్కపెట్టేవారు. అత్తయ్య పళ్లు బిగించి వంచేవారు. నత్త వంతు వస్తే ఇల్లు ఎగిరిపోయేది. ఒక అంకెకూ ఇంకో అంకెకూ మధ్య అతను టీ తాగొచ్చేంత వ్యవధి ఇచ్చేవాడు.

"త్వరగా కానీవయ్యా, ప్రాణం పోతోంది!"

"ఆ డాలు నాకిచ్చి ఉంటే చకచకా లెక్కపెట్టేవాణ్ణి."

తిట్లు తిడుతూనే వంచేవారు. కాలికి వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియో కొలిచి చూసి "ఏం మాయ చేశారు?" అన్నాడు. మా ఆయన నడుం నిలబెట్టి ఆఫీసుకు పోవడం మొదలుపెట్టాడు. ఇల్లు ప్రశాంతంగా ఉందని అనలేను, కానీ బాగుంది.

ఆఫీసులో మాత్రం ఆ వారాల్లోనే ఫిర్యాదులు కుప్పలుగా పడ్డాయి. అన్నింటి సారాంశం ఒకటే: మేం కష్టపడ్డాం, నాయకుడు తనవాళ్లకు దోచిపెట్టాడు. మా మేనేజరును మేం చాటుగా గ్రాఫు సారు అనేవాళ్లం. పెళ్లాం అలిగినా గ్రాఫు గీసి చూసుకుంటాడని ఆఫీసులో జోకు. ఆయన మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, "నాయకుల దౌర్జన్యం ఎలా ఉందో వినండి. ఇది ఒక ఆటగాడు రికార్డు చేసి పంపిన ముక్క" అని మీట నొక్కాడు.

"నీకెందుకయ్యా డాలు? నువ్వు వచ్చేసరికి మృగం చచ్చి చల్లారిపోతుంది."

గదంతా నవ్వు. "ఎవరండీ ఈవిడ, హెడ్మాస్టరులా ఉంది" అన్నారెవరో. డ్రిల్ టీచరు అని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. రికార్డు చేసింది నత్త అని వేరే చెప్పక్కర్లేదు.

"నీ కొత్త పద్ధతి ఎంతవరకు వచ్చింది?" అని గ్రాఫు సారు నావైపు తిరిగాడు.

"సిద్ధంగా ఉంది సార్."

కొత్త పద్ధతి నేను అంతకు చాలా ముందే మొదలుపెట్టింది. మృగం చస్తే ఎవరి వస్తువు వారి సంచిలోనే పడుతుంది. ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదు, లాక్కోవడానికి వీల్లేదు. నాయకుడి చేతిలో ఏమీ ఉండదు. నేను మనస్ఫూర్తిగా చేసిన పని అది. రోజులతరబడి వేటాడి, చివర్లో ఎవడో పరాయివాడు "ఇది నా తమ్ముడికి" అని ఎత్తుకుపోతే ఏడ్చినవాళ్ల ఫిర్యాదులు చదివి చదివి చేశాను. తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తయ్య జట్టులో అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది నత్త. "కెప్టెన్, ఇంకా మొదలుపెట్టలేదా?" అంటున్నాడు. ఆవిడ మీద ఫిర్యాదు పంపినవాడే సాయంత్రానికి ఆవిడకోసం పడిగాపులు కాయడం నాకు వింతగా తోచింది. ఆ సంగతి గ్రాఫు సారుకు చెప్పలేదు. ఎలా గీసి చూపాలో తెలియలేదు.

కొత్త పద్ధతి అమల్లోకి వచ్చిన వారంలోనే వాళ్లు నీలి ఖడ్గమృగాన్ని పడగొట్టారు. దానికోసం జట్టు కట్టినప్పటినుంచీ తంటాలు పడుతున్నారు. ఆ వేళ నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. పువ్వు గర్జన, గంట కేకలు, అత్తయ్య "కొట్టు, కొట్టు, వదలకు!" అనడం, ఆఖరికి ఢామ్మని మృగం కూలిన చప్పుడు. నత్త బాణంతోనే కూలిందట. "నేనే! నేనే వేశా!" అని అతను చిన్నపిల్లాడిలా అరిచాడు.

తర్వాత ఏ గొడవా వినబడలేదు.

"అందరికీ పడ్డట్టేనా?" అన్నారు అత్తయ్య.

"పడింది కెప్టెన్. నాకు కవచం" అన్నాడు పువ్వు.

"నాకు గొలుసు" అంది గంట.

"నాకు విల్లు. మంచిదే" అన్నాడు నత్త.

"మంచిది."

పువ్వు దగ్గాడు. "సరే మరి, ఉంటాను" అన్నాడు. ఆ వెనకే గంట. నత్త ఇంకాసేపు ఉన్నాడు. ఏదో అనబోయి, "సరే కెప్టెన్" అని వెళ్లిపోయాడు. అత్తయ్య కంప్యూటరు కట్టేసి, "అన్నం అయిందా అమ్మాయ్?" అన్నారు. ఆవిడ అన్నానికి అంత తొందరగా ఎప్పుడూ లేవలేదు.

జట్టు విడిపోయిందని చెప్పడానికి ఒక రోజంటూ లేదు. పువ్వు పెద్ద జట్టొకదానిలో చేరాడు. ఇప్పుడు ఎవరి వెంట వేటకెళ్లినా అతని వాటా అతనికి వస్తుంది, అత్తయ్య దయతో పనిలేదు. కొన్నాళ్లు "ఇవాళ వీలుపడదు కెప్టెన్" అని కబురు పెట్టాడు, తర్వాత అదీ లేదు. గంటకు పార్లర్లో పని ఎక్కువైంది. నత్త ఒకటి రెండు సాయంత్రాలు వచ్చి, ఇద్దరితో ఏ మృగాన్నీ కొట్టలేక రావడం మానేశాడు. నాకు అర్థమైంది ఇంతే: పాత పద్ధతిలో ఇవాళ అన్యాయం జరిగినవాడు రేపు రావాలి, అతనికి రావలసింది ఇంకా కెప్టెన్ దగ్గరే ఉంది. ఇప్పుడు ఎవరికీ ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు.

అత్తయ్య కంప్యూటరు మీద తుండుగుడ్డ కప్పేశారు. కాలు వంచడం మానేశారు. కిటికీ తెర గురించి కూడా ఏమీ అనడం లేదు. అదే మా ఆయన్ను భయపెట్టింది.

ఫిజియో నన్ను గుమ్మం దగ్గర ఆపాడు. "మీ అత్తగారి కాలు బిగుస్తోందండీ. ఇంకో మూడు వారాలు ఇలాగే ఉంటే నేను వచ్చీ లాభం లేదు. మెట్ల సంగతి ఇక మరిచిపోవాలి."

ఆ ఆదివారం నేనే వెళ్లి మంచం పక్కన స్టూలు వేసుకున్నాను. "నేను లెక్కపెడతాను అత్తయ్యా." ఆవిడ కాదనలేదు. నాలుగుసార్లు వంచి ఆపేశారు.

"ఏమైంది?"

"నువ్వు లెక్కపెడుతుంటే ఆస్పత్రిలో ఉన్నట్టుంది."

నేను లేవలేదు. ఎందుకో చెప్పాలనిపించింది. "ఆ పంపకం పద్ధతి మార్చింది నేనే అత్తయ్యా. మా ఆఫీసులో."

ఆవిడ నావైపు చూశారు. "ఎందుకు?"

"గొడవలు తగ్గాలని."

"తగ్గాయి" అన్నారు ఆవిడ. గోడవైపు తిరిగి పడుకున్నారు.

మర్నాడు గ్రాఫు సారును అడిగాను, కావలసినవాళ్లకు పాత పద్ధతి కూడా ఉంచుదామని. ఆయన కోప్పడలేదు. తెర మీద గీత చూపించాడు. ఫిర్యాదులు పడిపోయాయి, ఆడేవాళ్లు పెరిగారు. ఒంటరిగా వచ్చి, ఏ జట్టులోనో కలిసి, తమది తాము పుచ్చుకుని, థాంక్స్ కూడా చెప్పకుండా పోయేవాళ్లు వేలకు వేలు. "నీ పద్ధతి గెలిచింది. గెలిచినదాన్ని ఎవరైనా చెడగొట్టుకుంటారా?" అన్నాడు. ఆయన చూపించినదాంట్లో అబద్ధం లేదు. అందరిముందూ నన్ను మెచ్చుకున్నారు, చప్పట్లు కొట్టారు. నేను కూడా నవ్వాను.

సాయంత్రం అత్తయ్యకు టీ ఇస్తూ, అలా అంటానని అనుకోకుండానే అన్నాను. ఫిర్యాదుల సంగతి బయట చెప్పకూడదని మా కంపెనీలో నియమం. "నత్త మీ మీద ఫిర్యాదు చేశాడు తెలుసా?"

కప్పు సగంలో ఆగింది. "ఏమని?"

"పక్షపాతం చూపిస్తారని. మీ మాటలు రికార్డు చేసి మరీ పంపాడు. మా ఆఫీసంతా విన్నారు."

"నత్తా? నా మీదా?"

"అవును."

ఆవిడ కప్పు కింద పెట్టారు. చేతికర్ర కోసం కూడా చూడకుండా మంచం దిగి, గోడ పట్టుకుని, బల్లదాకా నడిచారు. తుండుగుడ్డ తీసి అవతల పడేశారు. "ఎక్కడున్నాడో చూస్తాను వెధవని."

అతను అడవిలో ఒక్కడే ఏదో చెట్టుకింద కుందేళ్లను కొడుతున్నాడట. దొరికిపోయాడు. ఆ తర్వాత నేను విన్నంతలో, ఆవిడ అరిచారు, అతను బెదరలేదు. "చేశాను! ఏం తప్పా? డాలు ఇవ్వలేదు, ఉంగరం ఇవ్వలేదు, ఒక్కసారైనా బాగా వేశావన్నారా?" అన్నాడు. "ముందు సమయానికి రావడం నేర్చుకో!" అన్నారు ఆవిడ. "ఇలా కాదు, మీ ఎదుట కూర్చుని తేల్చుకుంటాను" అన్నాడతను. "రా! ఏం, భయమా నాకు? పాత బస్‌స్టాండు వెనక, కింది వాటా!" అన్నారు ఆవిడ.

నిజంగానే వచ్చాడు. తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, జల్లులో తడుస్తూ. బట్టతల, మందపాటి కళ్లద్దాలు, నా కంటే పదేళ్లు పెద్ద. వెనకే గొడుగు మడుస్తూ గంట. నత్త సంగతి చెబితే, ఈ తగువు చూడకుండా ఉండలేనని రెండు బస్సులు మారి వచ్చిందట, చేతిలో కేకు డబ్బా. పువ్వు రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు.

తలుపు తీయబోతే అత్తయ్య నన్ను చేత్తో ఆపి తానే వెళ్లారు. కాలు ఈడుస్తూ వెళ్లేసరికి చాలాసేపు పట్టింది.

నత్త ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. తిట్టడానికి సిద్ధమై వచ్చినవాడు, ఆ కాలు చూసి తడబడ్డాడు. "వంచడం లేదా?"

"నీకెందుకు?"

"కూర్చోండి" అన్నాడు. కుర్చీ జరిపి, ఎదురుగా నేలమీద గొంతుక్కూర్చుని, "ఒకటి" అన్నాడు.

తగువు సాయంత్రందాకా సాగింది. డాలు దగ్గర మొదలై ఉంగరం మీదుగా ఎక్కడెక్కడికో పోయింది. మధ్యమధ్య అతను అంకెలు చెబుతూనే ఉన్నాడు, ఆవిడ మూలుగుతూనే వంచారు. గంట ఇద్దరి పక్షానా వాదించింది. వెళ్లేముందు కేకు డబ్బా తెరిచింది. కత్తి అత్తయ్య చేతికే వెళ్లింది, ఎవరూ ఇవ్వకుండానే. గంటకు పెద్ద ముక్క. మా ఆయనకు క్రీము పువ్వున్న ముక్క. నత్తకు మూల ముక్క. అతను అప్పుడే గొణగడం మొదలుపెట్టాడు. నాకు చివరన మిగిలిన పలచటి చెక్క, అది కూడా పక్కకు ఒరిగిపోయింది.

వాళ్లు వచ్చే ఆదివారం వస్తామని వెళ్లిపోయారు. మా ఆయన వాళ్లను బస్సు ఎక్కించడానికి వెళ్లాడు. నేను ప్లేట్లు వంటింట్లోకి తీసుకెళ్లి తొట్టిలో కడుగుతుంటే అత్తయ్య కర్ర ఆనించుకుంటూ మంచినీళ్లకు వచ్చారు.

"నాకెందుకు అంత చిన్న ముక్క ఇచ్చారు?" అన్నాను.

నా నోటినుంచి వచ్చిన మాటేనా అని నాకే అనుమానమేసింది.

"చిన్నదే ఇచ్చాను. చూసే ఇచ్చాను" అన్నారు. "నా జట్టును చెడగొట్టావు నువ్వు. నిక్షేపంలా కొట్టుకుంటున్న నలుగురిని పట్టుకుని తలోదిక్కూ చేశావు. పైగా చల్లగా వచ్చి చెబుతావా, గొడవలు తగ్గాలని అని?"

"చెప్పకుండా ఉండాల్సిందా? అప్పుడే తిట్టొచ్చుగా! గోడవైపు తిరిగి పడుకున్నారు!"

"తిట్టడమా? నాలుగేళ్లుగా 'తిన్నారా అత్తయ్యా' తప్ప ఇంకో మాట ఎరగనిదానివి, నిన్ను ఏమని తిట్టను?"

"మీరు మాట్లాడారా? మీ అబ్బాయి చేత కబుర్లు పంపించారు. అయినా మీలాంటి కెప్టెన్ల వల్ల ఎంతమంది ఏడ్చారో మీకు తెలుసా? నేను చదివాను అవన్నీ!"

"ఏడ్చినవాళ్లు మానేశారా? మర్నాడు రాలేదా?"

"కొంతమంది రాలేదు! వాళ్ల సంగతి ఎవరు చూస్తారు?"

వీధి తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. మా గొంతులు వీధిదాకా వెళ్లినట్టున్నాయి, మా ఆయన తడిగొడుగుతోనే వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు. ఆవిణ్ణి చూశాడు, నన్ను చూశాడు. "ఏమైంది? ఏమైందమ్మా?"

"నువ్వుండరా" అన్నారు ఆవిడ.

"మీరుండండి" అన్నాను నేను.

ఆయన గొడుగుతో అలాగే నిలబడిపోయాడు. అత్తయ్య స్టూలు లాక్కుని, కాలు ముందుకు చాపి, నావైపు తిరిగి కూర్చున్నారు. నేను కొళాయి కట్టేసి చేతులు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాను.